రాళ్ళు తీసిన రోడ్డు

“క్యాసెట్టు ఎక్కడ పెట్టావమ్మా సూర్యకళా?”

పొద్దుట్నించీ ఉదయభాస్కర్ ఇదే అడుగుతున్నాడు. అడిగిన ప్రతిసారీ గొంతు కాస్త తగ్గుతోంది. దానవాయిపేటలోని ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే: పెద్దాయన అరిస్తే ఫరవాలేదు, నెమ్మదిగా మాట్లాడితేనే భయపడాలి.

“భద్రంగానే ఉంది బావగారూ,” అంది సూర్యకళ, వంటింటి గుమ్మంలో కూర్చుని మామిడికాయ చెక్కు తీస్తూ.

“భద్రంగా ఉందని నాకూ తెలుసు. ఎక్కడుందని అడుగుతున్నాను.”

“ఇవ్వనని చెబుతున్నానండి.”

కాఫీ తెస్తున్న పెద్దాయన భార్య దుర్గాశ్రీ తోటికోడలి కేసి తిరిగి చూసింది. ఆ ఇంటికి కోడళ్ళుగా వచ్చినదగ్గర్నించీ పెద్దాయన ముఖం మీద ‘ఇవ్వను’ అన్నమాట ఇద్దరిలో ఎవరూ అనలేదు.

సోఫాలో సూర్యకళ భర్త సుధాకర్ కుడి మణికట్టుకి కట్టు కట్టుకుని పేపరు పట్టుకున్నాడు. పొద్దున్న తెరిచిన పేజీయే ఇప్పుడూ తెరిచి ఉంది. మంగళవారం నుంచీ ఆయన వాలకం ఇదే. తేలు కుట్టిన దొంగలాగా కుక్కిన పేనై పడి ఉన్నాడు.

మంగళవారం జరిగింది ఊరంతా అప్పుడే తలో రకంగా చెప్పుకుంటోంది. టీవీ కార్యక్రమం కోసం షోరూము వాళ్ళిచ్చిన కొత్త కారుని సుధాకర్ ధవళేశ్వరం దాటాక కాలవగట్టు రోడ్డు మీద జోరుగా తోలాడు. రోడ్డు మీద రెండో పంట దాళ్వా ధాన్యం ఎండబోసి ఉంది. కారు ధాన్యం మీదికెక్కి జారి, బొంగరంలా తిరిగి, కల్వర్టు దిమ్మకి ముక్కు గుద్దుకుంది. ధాన్యం సగం కాలవలో కలిసింది. ఆ ధాన్యం ఎవరిదో కాదు, సూర్యకళ మేనత్త అచ్చాయమ్మది. ఇదంతా ఛానెల్లో పనిచేసే అబ్రహాము కెమెరాలో పడింది. ఆ క్యాసెట్టు కోసమే ఈ రభస.

“అందులో ఏముందో నీకు తెలీడం లేదు,” అన్నాడు ఉదయభాస్కర్. “కారు తిరిగిందే, అది చాలు. వెనకాల నవ్వులు వేస్తే జనం పొట్ట చెక్కలవుతుంది. ఆ ఇంగ్లీషు ప్రోగ్రాంలో వాళ్ళేం చేస్తారు? కార్లు గుద్దేస్తారు, తగలబెడతారు, నీళ్ళలోకి తోసేస్తారు. ప్రపంచమంతా చూస్తోంది!”

ఊళ్ళో అన్నదమ్ములిద్దరూ నడిపే కేబుల్ ఛానెలుంది. ఆఫీసు మేడ మీదే. కిందటేడు డిష్షులో ఆ ఇంగ్లీషు కార్ల ప్రోగ్రాం చూసినప్పట్నించీ పెద్దాయనకి నిద్ర లేదు. ముగ్గురు మగాళ్ళు, మూడు కార్లు, నోటికొచ్చిన వెక్కిరింపులు. దాన్ని తెలుగులోకి దించి ‘మన బండి’ అని పేరు పెట్టాడు. దించడం అంటే ఆయన ఉద్దేశంలో మనిషికి మనిషిని, మాటకి మాటని దించడం. రాసి చదివే పని సూర్యకళకి అప్పగించాడు.

సూర్యకళ ఆ పనిలో పడ్డాక గుమ్మం గుమ్మం తిరిగి ఆడవాళ్ళనే అడిగింది, కారు గురించి మీకేం తెలుసుకోవాలనుంది అని. ఎంత వేగంతో పోతుందని ఒక్కరూ అడగలేదు. వెనక సీట్లో పట్టుచీరలు నలక్కుండా ముగ్గురం కూర్చోగలమా? అందరూ ఎక్కితే అన్నవరం కొండ ఎక్కుతుందా? మోకాళ్ళ నొప్పుల అత్తగారు చెయ్యి పట్టుకోకుండా దిగగలరా? ఇవీ వాళ్ళ ప్రశ్నలు. వాటికి జవాబులుగా ఆమె చేసిన ఆదివారం కార్యక్రమాలు వీధుల్లో పేరు తెచ్చుకున్నాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇది నాది అని సూర్యకళ అనుకున్నది ఆ అరగంట ఒక్కటే.

“వాళ్ళ రోడ్లు ఖాళీ రోడ్లు బావగారూ. మన రోడ్డు మీద మనుషులుంటారు, గేదెలుంటాయి, ధాన్యం ఉంటుంది. మా అత్త ఏడాది కష్టం కాలవలో కలిస్తే నవ్వులు వేస్తారా?”

“పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుందని పక్కింటాయన అననే అన్నాడు,” అంది దుర్గాశ్రీ గోడకేసి చూస్తూ.

“నువ్వు లోపలికెళ్ళు.”

దుర్గాశ్రీ వెళ్ళింది. వంటింట్లో బియ్యం డబ్బా మూత తీసి, మధ్యాహ్నానికి గ్లాసుతో బియ్యం ముంచబోయింది. చేతికి గట్టిగా ఏదో తగిలింది. ఒక్క క్షణం ఆగి, దాన్ని ఇంకాస్త లోతుకి నెట్టి, పైన బియ్యం సర్ది మూత పెట్టేసింది.

గేటు దగ్గర స్కూటరు ఆగింది. కన్యక మోటార్స్ శివరామకృష్ణ వచ్చాడు. కారు ఆయనదే, కార్యక్రమానికి ఖర్చు పెట్టేదీ ఆయనే. కండువాతో ముఖం తుడుచుకుంటూ కూర్చున్నాడు.

“పూజ చేయించకుండా, నిమ్మకాయలు తొక్కించకుండా బండి మీ చేతికిచ్చాను. అదీ నా బుద్ధితక్కువ. అయిందేదో అయింది ఉదయభాస్కర్ గారూ. బండి జారిందన్న మాట మాత్రం మీ ఛానెల్లో రాకూడదండి. మా అమ్మ పేరు పెట్టుకున్న షోరూము.”

“ఊరంతా అదే చెప్పుకుంటుంటే నేను దాచేదేముందండీ?”

“దాచొద్దు. ఉన్నమాటే చెప్పండి. రోడ్డు మీద ధాన్యం పోసేవాళ్ళ వల్లే కదా ఈ ప్రమాదాలు? రోడ్డు ఎవరి కోసం? బండ్ల కోసం. ఆ మాట గట్టిగా చెప్పండి. నలుగురికీ మంచిది కూడాను.”

ఉదయభాస్కర్ కళ్ళు మెరిశాయి. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అనే రకం కాదు గానీ, దొరికిన దారిని వదిలే మనిషీ కాదు.

“అదీ సంగతి! సూర్యకళా, నువ్వే చదువు. నీ గొంతంటే ఊళ్ళో గురి. రోడ్డు మీద ధాన్యం పోసేవాళ్ళని నాలుగు దులుపు.”

చెక్కు తీసే చాకు ఆగిపోయింది.

“మా అత్తని నా నోటితోనే తిట్టమంటారా?”

“పేరెందుకు? రైతులు అను చాలు.”

“ఆ గట్టు మీద ఆ రోజు ఎవరి ధాన్యం పోయిందో తెలీనివాళ్ళెవరండీ?”

“చదివితే కార్యక్రమం ఉంటుంది,” అన్నాడు ఉదయభాస్కర్ చాలా నెమ్మదిగా. “లేకపోతే ఆదివారం నుంచీ ఆ టైములో సినిమా పాటలు వేస్తాను. నీకూ ఇంటిపని తేలికవుతుంది.”

సూర్యకళ భర్త వంక చూసింది. ఒక్క మాట అంటాడేమోనని చూసింది. పేపరు కొంచెం పైకి లేచింది, ముఖం పూర్తిగా కనపడకుండా.

ఆ పేపరు చూశాకే ఆమెకి కోపం వచ్చింది. అంతవరకూ వచ్చింది కోపం కాదు. చాకు పళ్ళెంలో పెట్టి, చేతులు కడుక్కుని, చెప్పులేసుకుంది.

“ఎక్కడికి?” అన్నాడు సుధాకర్, పొద్దుట్నించీ మొదటిసారి నోరు తెరిచి.

“రోడ్డు చూడ్డానికి. చదవబోయే ముందు చూడాలి కదండీ.”

మేడ మీంచి అబ్రహామునీ, కెమెరానీ, కొత్త క్యాసెట్టునీ తీసుకుని ఆటో ఎక్కింది.

*

కాలవగట్టు మీద ఎండ చురచురలాడుతోంది. మిగిలిన ధాన్యాన్ని అచ్చాయమ్మ రోడ్డుకి ఒక పక్కన మళ్ళీ పరిచింది. కుచ్చెళ్ళు ఎగదోపుకుని, కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరగబోస్తోంది.

“టీవీ వాళ్ళా? రోడ్డు ఖాళీ లేదమ్మా. ఇంకో రోజు రండి.”

“అత్తా, నేను. కళని.”

“తెలుసులే. నీ గొంతు ఊరందరికీ తెలుసు, నాకు తెలీదా?”

అచ్చాయమ్మ మళ్ళీ చాళ్ళు తీయడంలో పడింది.  సూర్యకళ చెప్పులు గట్టు మీద విడిచి, అత్త తీసిన చాలు పక్కనే ఇంకో చాలు తీయడం మొదలుపెట్టింది. వేడి ధాన్యం అరికాళ్ళకి గుచ్చుకుంది. చిన్నప్పుడు ఇదే రోడ్డు మీద ఈ పని చేస్తూ అత్త చేత తిట్లు తినేది. అత్తా కోడలూ ఆ కొస దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

“అల్లుడుగారి చెయ్యి ఎలా ఉంది?” అంది చివరికి అచ్చాయమ్మ.

“వాపు తగ్గింది.”

“చింతపండూ ఉప్పూ కలిపి పట్టు వెయ్యి. ఆ కట్టుతో ఏం తగ్గుతుంది?”

“అత్తా, ఆదివారం టీవీలో తప్పు నీదేనని చెప్పమంటున్నారు. నన్నే చదవమంటున్నారు.”

అచ్చాయమ్మ కాళ్ళు ఆగాయి.

“నాదా తప్పు? నేను రాళ్ళు పెట్టుకుని పోసుకున్నాను. రాయి ఉన్నంతవరకూ ధాన్యానిది, రాయి దాటితే బండిది. మీ తాత నాటి నుంచీ ఇదే పద్ధతి. ఆర్టీసీ బస్సు కూడా రాయి చూసి తప్పుకుని పోతుంది. మీ ఆయనకి కళ్ళు నెత్తి మీదున్నాయా?”

“రాళ్ళు కనపడలేదని ఆ రోజే అన్నారు అత్తా.”

“ఎలా కనపడతాయి? లేవుగా! ఇలా రా.”

చెయ్యి పట్టుకుని గట్టు దింపింది. కింద తుమ్మచెట్టు మొదట్లో రాళ్ళున్నాయి. పెద్దవి కింద, చిన్నవి పైన, ముచ్చటగా పేర్చి ఉన్నాయి.

“అన్నం తిని వచ్చేసరికి కారు దిమ్మకి గుద్దుకుని ఉంది, రాళ్ళు ఇక్కడున్నాయి. కారు గుద్దితే రాళ్ళు చెల్లాచెదురవుతాయే పిల్లా. ఇలా గట్టు దిగొచ్చి వరసగా పేర్చుకుంటాయా? అవి అలాగే ఉంచాను. ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని చూశాను. ఇన్ని రోజులకి నువ్వొచ్చావు.”

సూర్యకళ వెనక్కి తిరిగింది. గట్టు మీద అబ్రహాము కెమెరా లెన్సు తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

“అబ్రహామూ.”

“ఆయ్.”

“ఈ రాళ్ళెవరు తీశారు?”

అబ్రహాము గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. “పెద్దాయన కెమెరాలోంచి చూశారండి. ఆ ఇంగ్లీషు ప్రోగ్రాంలో రోడ్డు అద్దంలా ఉంటుంది, మధ్యలో ఈ రాళ్ళేంటి, తీసెయ్ అన్నారండి. నేను తియ్యనన్నానండి. మాదీ కాలవ కింద ఊరే కదండీ, రాయి తియ్యకూడదని నాకు తెలుసు. ఆయనకి కోపం వచ్చింది. అప్పుడు...”

“అప్పుడు?”

“సుధాకర్ గారు కారు దిగి ఆయనే తీశారండి. ఒక్కోటీ మోసుకెళ్ళి కింద పేర్చారు. షాటు అవగానే మళ్ళీ పెట్టేద్దాం అన్నారండి.”

సూర్యకళ గట్టెక్కి వచ్చింది. ధాన్యం పక్కనే కూర్చుంది.

ఇప్పుడంతా అర్థమైంది. ఆ దారిన బండి తోలేవాడెవడూ ధాన్యాన్ని చూడడు, రాళ్ళనే చూస్తాడు. ఎండకి వెలిసిన రోడ్డూ ధాన్యమూ ఒక రంగులోనే ఉంటాయి, రాయే హద్దు చెబుతుంది. పుట్టినప్పట్నించీ ఈ రోడ్లకి అలవాటైన సుధాకర్ కళ్ళు ఆ వేగంలో రాళ్ళ కోసమే వెతికాయి. రాళ్ళు కనపడకపోతే రోడ్డు ఖాళీ అనుకున్నాయి. తన చేతులతో తీసిన రాళ్ళనే నమ్ముకుని తోలాడు మహానుభావుడు.

తప్పు చేసినందుకు కాదు ఆమెకి కడుపు మండింది. మంగళవారం నుంచీ నోరు మూసుకుని కూర్చున్నందుకు. తన ఎదురుగానే అత్తని తిట్టమని బేరం జరుగుతుంటే పేపరు పైకెత్తినందుకు. కళ్ళ నీళ్ళు ఆగలేదు.

“ఏడిస్తే అటు తిరిగి ఏడు,” అంది అచ్చాయమ్మ. “నా ధాన్యం తడుస్తుంది.”

సూర్యకళకి ఏడుపులోనే నవ్వొచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

“అత్తా, ఈ ఆదివారం కార్యక్రమం ఇక్కడే తీస్తాను. రాళ్ళు చూపిస్తాను. ఈ రోడ్డు మీద బండి ఎలా తోలాలో చూపిస్తాను. ఆ క్యాసెట్టూ వేస్తాను, నవ్వులు లేకుండా. నువ్వు మాట్లాడతావా?”

“నన్నా? టీవీలోనా?” అచ్చాయమ్మ తన చీర వంక చూసుకుంది. కోపం ఎటు పోయిందో పోయింది. “ఉండవే, ఈ చీరతోనా? మార్చుకొస్తాను.”

*

అచ్చాయమ్మ ఇంటికెళ్ళి వచ్చేలోగా సూర్యకళా అబ్రహామూ రాళ్ళన్నీ గట్టెక్కించి, ధాన్యం అంచునే వరసగా పెట్టారు. అరచేతులు దోక్కుపోయాయి. అబ్రహాము కెమెరాని స్టాండుకెక్కించి రోడ్డు కొసకి తిప్పాడు.

“తిరుగుతోందండి.”

కెమెరా తిరుగుతుండగానే దూరంగా అంబాసిడర్ కనపడింది. ఎవరిదో తెలుస్తూనే ఉంది. స్టీరింగు దగ్గర ఉదయభాస్కర్, పక్కన శివరామకృష్ణ, వెనక కట్టు చెయ్యితో సుధాకర్. క్యాసెట్టు కోసం ఇల్లంతా వెతికి, దొరక్క ఇక్కడికి బయల్దేరినట్టున్నారు.

అంబాసిడర్ దుమ్ము రేపుకుంటూ వచ్చింది. రాళ్ళ వరస మొదట్లోకి రాగానే దాని జోరు తగ్గింది. బుద్ధిగా అవతలి పక్కకి తప్పుకుని, ఒక్క గింజ తొక్కకుండా వచ్చి ఆగింది.

“అబ్రహామూ, పడిందా?”

“మొత్తం పడిందండి.”

ఉదయభాస్కర్ తలుపు విసురుగా తోసుకుని దిగాడు. “ఏంటి పడింది?”

“మీరు బావగారూ. ఎవరూ చెప్పకుండానే రాళ్ళు చూసి తప్పుకున్నారు. కోపంలో ఉన్నా తప్పుకున్నారు. ఈ వారం ‘మన బండి’ మీతోనే మొదలు.”

ఆయన రాళ్ళ వంక చూశాడు. తుమ్మచెట్టు కింద ఖాళీ అయిన చోటు చూశాడు. ముఖం రంగు మారింది.

శివరామకృష్ణకి ఇదంతా కొత్త. అయినా వ్యాపారస్థుడి బుర్ర, అల్లుకుపోవడానికి ఎంతోసేపు పట్టలేదు. “అంటే, ఆ రోజు ఈ రాళ్ళు లేవన్నమాట! ఎవరో తీశారన్నమాట! మా బండి తప్పేం లేదన్నమాట! వెయ్యండి చెల్లెమ్మా, తప్పకుండా వెయ్యండి!”

“మీరుండండి శివరామకృష్ణ గారూ,” అన్నాడు ఉదయభాస్కర్. ఈసారి గొంతు దాదాపు వినపడలేదు. “సూర్యకళా, ఇటు చూడు. ఇది బయటికొస్తే నవ్వులపాలయ్యేది నేను కాదు. తీసిన చేతులు నావి కావు. కట్టుకున్న మొగుణ్ణి బజారుకీడుస్తావా?”

సూర్యకళ సుధాకర్ కేసి తిరిగింది. నిజమే. కారు నిందలోంచి బయటపడింది, షోరూము బయటపడింది, అత్త బయటపడింది. చివరికి పెద్దాయన కూడా మాటతో తప్పుకున్నాడు. మిగిలింది ఒక్కడే.

ఆ ఒక్కడూ కారు దిగి రాళ్ళ దగ్గర నిలబడ్డాడు. తల ఎత్తడం లేదు.

“మీరు రాళ్ళ సంగతి నాకెందుకు చెప్పలేదండీ?” అంది సూర్యకళ, మెల్లగా, ఆయనకి మాత్రమే వినపడేలా.

“చెబుదామనే అనుకున్నాను.”

“ఎప్పుడు? నేను అత్తని తిట్టడం అయిపోయాకా?”

సుధాకర్ కాలితో ఒక రాయిని వరసలోకి సర్దాడు. 

అవతల నుంచి అచ్చాయమ్మ వస్తోంది. పసుపుపచ్చ పట్టుచీర కట్టింది, కొప్పులో ఇన్ని కనకాంబరాలు తురుముకుంది. అల్లుణ్ణి చూసి కోపం ఎంత ఉన్నా కొంగు సర్దుకుంది.

“దయచెయ్యండి అల్లుడుగారూ. చెయ్యి ఎలా ఉందండి?”

ఆ ‘గారు’ తిట్టు కన్నా గట్టిగా తగిలింది. సుధాకర్ కళ్ళు నీళ్ళతో నిండాయి.

సూర్యకళ మైకు అందుకుంది. కెమెరా ఎదురుగా రాళ్ళ వరస పక్కన నిలబడింది. ఎన్నాళ్ళుగానో ఊరికి అలవాటైన ఆ గొంతు తొణక్కుండా మొదలైంది.

“నమస్కారమండి. ఇది ‘మన బండి’. ప్రతివారం బండిలో లోపాలు చూపించేదాన్ని. ఈ వారం బండి తోలినవాళ్ళలో లోపం చూపిస్తానండి. మంగళవారం ఇక్కడ రాళ్ళు లేవు.”

“కెమెరా ఆపు అబ్రహామూ,” అన్నాడు ఉదయభాస్కర్.

“ఆపకు.”

అబ్రహాము పెద్దాయన వంక చూశాడు. జీతం ఇచ్చే చెయ్యి అది. తరవాత వరసగా ఉన్న రాళ్ళ వంక చూశాడు. చెయ్యి మీట మీద పెట్టాడు గానీ, నొక్కలేదు.

సూర్యకళ రెండడుగులు వేసి మైకుని భర్త నోటి ముందుకి చాపింది.  

“ఆ రాళ్ళు ఎవరు తీశారో మీకు తెలుసా అండీ?”

సుధాకర్ అన్నగారి వంక చూశాడు. ఉదయభాస్కర్ తల అడ్డంగా ఊపాడు. సుధాకర్ అచ్చాయమ్మ వంక చూశాడు. ఆవిడ కళ్ళు దించుకుని ధాన్యం వంక చూస్తోంది.

 సుధాకర్ కట్టులేని చెయ్యి మెల్లగా పైకి లేచింది. మైకు అందుకోడానికో, పక్కకి తోసెయ్యడానికో ఎవరికీ తెలీదు.

“చెప్పండి,” అంది సూర్యకళ. “ముందు మీ పేరు చెప్పండి.”